మూర్ఛకు కీటోజెనిక్ ఆహారం – ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

"సిస్టరమ్మా, అన్నం పెట్టకుండా పిల్లాణ్ణి ఎలా పెంచమంటారు?" కీటోజెనిక్ ఆహారం గురించి చెప్పగానే తల్లులు ముందుగా అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. మన ఇళ్ళలో అన్నం తినకపోతే భోజనం చేయనట్లే లెక్క. అందుకే ఈ విషయం తల్లి ఒక్కతే కాదు, ఇంట్లో అందరూ తెలుసుకోవాలి.

ఇది ఎలా పనిచేస్తుంది?
మెదడుకు మామూలుగా గ్లూకోజు ఇంధనం. అన్నం, రొట్టె, పంచదార వంటి వాటి నుండి అది వస్తుంది. వీటిని బాగా తగ్గించి కొవ్వు పదార్థాలు పెంచితే, కాలేయం ఆ కొవ్వు నుండి కీటోన్లను తయారు చేస్తుంది. మెదడు వాటిని వాడుకుంటుంది. అప్పుడు కొందరు పిల్లలకు ఫిట్స్ తగ్గుతాయి. ఉపవాసంలో ఫిట్స్ తగ్గడం వైద్యులు పూర్వమే గమనించారు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ఉపవాసానికి బదులు ఈ ఆహారాన్ని సూచించారు. 2008లో లండన్ వైద్యులు 145 మంది పిల్లలపై జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. 3 నెలలు ఈ ఆహారం ఇచ్చిన వారిలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. ఇవ్వని వారిలో 6 శాతం మందికే తగ్గాయి.

ఎవరికి ఇస్తారు?
సరైన మందులు రెండు రకాలు సరిగా వాడినా ఫిట్స్ ఆగని పిల్లలకు ముఖ్యంగా ఇస్తారు. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులలో శరీరం కొవ్వును వాడుకోలేదు. అటువంటి వారికి ఇది ప్రమాదం. కనుక ముందుగా రక్త, మూత్ర పరీక్షలు తప్పనిసరి. ఎవరో చెప్పారని ఇంట్లో సొంతంగా మొదలుపెట్టవద్దు.

ఏమి పెడతారు?
పాత పద్ధతిలో మాంసకృత్తులు, పిండిపదార్థాలు కలిపి 1 గ్రాము ఉంటే కొవ్వు 4 గ్రాములు ఉండాలి. నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరినూనె, గుడ్డు, పనీరు, కొద్దిగా ఆకుకూరలు తూకం వేసి పెడతారు. ఇంతకంటే సులువైన పద్ధతులూ ఉన్నాయి. మీ బిడ్డకు ఏది తగినదో వైద్యులు, డైటీషియన్ నిర్ణయిస్తారు. విటమిన్లు, కాల్షియం వేరుగా ఇవ్వాలి.

ఒక్క లడ్డూ
ఒక బాబుకు రెండు నెలలు ఫిట్స్ రాలేదు. పండుగనాడు నాయనమ్మ ప్రేమకొద్దీ ఒక లడ్డూ పెట్టింది. ఆ రాత్రి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. ఆమె ఎంతో ఏడ్చింది. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. కాబట్టి అమ్మమ్మకు, నాయనమ్మకు, బడిలో టీచరుకు, పక్కింటివారికి ముందే చెప్పండి.

గుర్తుంచుకోండి
• ఫిట్స్ తగ్గాయని మందులు మానవద్దు. తగ్గించేది వైద్యులే.
• దగ్గు మందుల సిరప్‌లలో చక్కెర ఉంటుంది. ఏ మందైనా అడిగి వాడండి.
• వేరే ఆసుపత్రికి వెళితే ఈ ఆహారం సంగతి ముందే చెప్పండి. గ్లూకోజు సెలైను ఎక్కించాలా వద్దా అన్నది వారు చూసుకుంటారు.
• మలబద్ధకం, వాంతులు, మూత్రపిండాల్లో రాళ్ళు, ఎదుగుదల తగ్గడం వంటివి రావచ్చు. నీళ్ళు బాగా తాగించండి, చెప్పిన తేదీకి పరీక్షలకు రండి.
• బిడ్డ మత్తుగా పడి ఉన్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే తీసుకురండి.
• ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు, చేతిలో తాళాలు పెట్టనవసరం లేదు. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకురండి.

సుమారు 3 నెలలు చూసి, మేలు కనిపిస్తే సాధారణంగా 2 సంవత్సరాల వరకు కొనసాగిస్తారు. తర్వాత మెల్లమెల్లగా మామూలు భోజనానికి తెస్తారు. మేలు లేకపోతే ఆపివేస్తారు. అది మీ పెంపకంలో లోపం కాదు. రోజూ ఏమి తిన్నాడో, ఫిట్స్ ఎప్పుడు వచ్చాయో ఒక నోటుబుక్కులో రాసి తీసుకురండి. మాకు అన్నిటికంటే పనికివచ్చేది ఆ పుస్తకమే.