భస్మపరీక్ష: వ్రేలిగీతల నుండి ఒంటి రేణువు వరకు

గత వేసవిలో తిరువూరులో ఒక గృహస్థు ఎర్రని పొడి పొట్లమొకటి నా ఎదుట పెట్టి, "అయ్యా, ఇది సిందూరమట. మా అమ్మగారి కీళ్లనొప్పులకు జాతరలో కొన్నాను. నాలుగు మోతాదులు ఇచ్చాను. ఇంకా వాడవచ్చునా?" అని అడిగిరి. పొట్లముపై తయారించినవారి పేరు లేదు. వెంటనే మాన్పించితిని. గురుకులమున నేర్చిన పరీక్షలన్నియు చేసినను ఆ పొడిని గూర్చి నేను అభయమీయజాలను. కారణమును పాఠకులకు వివరించెదను.

రసశాస్త్రమున భస్మమునకు పెక్కు పరీక్షలు కలవు. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ రుద్దగా వ్రేలిగీతలలో ఇమిడినది రేఖాపూర్ణము. నిశ్చలజలముపై తేలునది వారితరము. నెయ్యి, తేనె, గురివింద, వెలిగారము మొదలగువానితో కలిపి కాల్చినను మరల లోహముగా మారనిది అపునర్భవము. వీనిలో ఒక్కటి తప్పినను మా గురువుగారు భస్మమును తిరిగి పుటమునకు పంపెడివారు. అయితే ఇవి మెత్తదనమును, పాకమును తెలుపునేగాని కలిసిన అన్యలోహమును తెలుపవు. నీటి తలతన్యత వలన బరువైన పొడియు మిక్కిలి సన్ననిదైనచో తేలును. రససిందూరము పాదరస గంధకముల సమ్మేళనము. బజారులో సిందూరమనబడు మరొకటి సీసపు పొడి. రెండును ఎర్రనివే!

నేడు ఒక్కొక్క రేణువును పరీక్షించు మాస్ స్పెక్ట్రోమెట్రీ విధానము కలదు. 2003లో స్విట్జర్లాండునకు చెందిన డెగెల్డ్ర్ మొదలగు శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించిరి. పొడిని నీటిలో మిక్కిలి పలుచగా కలిపి, తుంపరగా చేసి, వేలకొలది డిగ్రీల వేడిగల ఆర్గాన్ ప్లాస్మాలోనికి పంపుదురు. ఇరుకు వాకిట జనము ఒక్కొక్కరుగా వచ్చునట్లు రేణువులు ఒకదాని వెనుక నొకటి రావలెననియే అంత పలుచన. రేణువు ఆవిరియై, దాని పరమాణువులు విద్యుదావేశము పొందును. యంత్రము వానిని బరువునుబట్టి వేరుపరచి లెక్కించును. ఒక రేణువునకు ఒక మెరుపు. అది మిల్లీసెకండునకు లోపే ఆరిపోవును. మెరుపు తీవ్రతనుబట్టి లోహమెంతయో, రేణువు గుండ్రనిదని యెంచి వ్యాసమెంతయో కట్టుదురు. మెరుపు ఎనిమిదింతలైనచో వ్యాసము రెండింతలే. నీటిలో కరిగిన లోహమట్లు మెరవదు, తంబురా శ్రుతివలె ఎడతెగక వినిపించును. కనుక కరిగినదెంత, రేణువుగా నిలిచినదెంత అనునది ఒకే పరీక్షలో తేలును. పరమాణువుల పరుగుకాలమును కొలుచు యంత్రమైనచో ఒకే రేణువునందలి పలు లోహములను కూడ చూపును. పాదరసము, సీసము ఒకే రేణువున నున్నవా, సీసము విడిగా కలుపబడినదా యని అప్పుడు చెప్పవచ్చును.

దీనికిని హద్దులు కలవు. అతిసూక్ష్మరేణువుల మెరుపు ఆ శ్రుతిలో కలిసిపోవును. మరీ పెద్దవి పూర్తిగా ఆవిరికావు.

2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద ఔషధములలో 14టియందు సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి యైనను కలదని ప్రకటించిరి. మా వైద్యులలో పలువురికి కోపము వచ్చినది, నాకును వచ్చినది. కాని సీసము విషయమున హానిలేని పరిమాణమేదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రేణువు ఎంత సూక్ష్మమైనను ఆ మాట మారదు.

గృహస్థులకు ఒంటి రేణువు పరీక్ష అందుబాటులోనిది కాదు, అవసరమును లేదు. మొత్తము సీసమెంతయో చెప్పు మామూలు పరీక్ష చాలును. ఆ పొడికి విజయవాడలో అదియే చేయించితిమి. సీసము అధికముగా నున్నదని పత్రము వచ్చినది. ఆ తల్లిగారికి రక్తములో సీసము పరీక్ష కూడ చేయించుమని పంపితిని. కీళ్లకు ప్రస్తుతము వావిలాకు కాపడము పెట్టించుచున్నాను.