సమయ పాలన – ఒక ఛాత్రోపాధ్యాయుని అనుభవ పాఠం

 

నేను ఒకప్పుడు ఈ గోడ పత్రికకు బొమ్మలు వేసినవాడినే. పదో తరగతి వరకు ఇక్కడే చదివాను. ఇంటర్ అయ్యాక డీఈఈసెట్ రాసి, ఇప్పుడు డి.ఇ.ఎల్.ఇడి. రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఇది రెండేళ్ళ టీచర్ ట్రైనింగు. అక్కడ మమ్మల్ని ఛాత్రోపాధ్యాయులు అంటారు. సగం విద్యార్థి, సగం ఉపాధ్యాయుడు అన్నమాట. మీలో చాలామంది "పెద్దయ్యాక టీచర్ అవుతాను" అంటారు గదా! అందుకే నేను దెబ్బ తిని నేర్చుకున్న ఒక విషయం మీకు రాస్తున్నాను.

గంట లేని చోటు

మన హాస్టల్లో అన్నిటికీ గంట ఉంది. లేవడానికి గంట, ప్రార్థనకి గంట, అన్నానికి గంట, స్టడీ అవర్‌కి గంట. గంట వినపడకపోతే వార్డెన్ గారి కేక వినపడుతుంది. నేను ఇక్కడ ఉన్న అయిదేళ్ళలో దేనికీ ఆలస్యం కాలేదు. కాబట్టి నాకు సమయ పాలన వచ్చు అనుకున్నాను. అది పొరపాటు. సమయ పాలన వచ్చింది గంటకి, నాకు కాదు.

కాలేజీలో సాయంత్రం తర్వాత మనల్ని ఎవరూ అడగరు. పాఠ్య పథకాలు రాయాలి, బోధనోపకరణాలు తయారు చేయాలి, ప్రాజెక్టులు, రికార్డులు ఉంటాయి. అన్నిటికీ తేదీలు దూరంగానే కనపడతాయి. "ఇంకా నెల ఉంది కదా" అనుకుంటాం. ఆ నెల ఎటు పోతుందో తెలియదు.

నేను చేసిన తప్పు

మొదటి ఏడాది డిసెంబరులో మా తోటలో కాఫీ పళ్ళ కోత వచ్చింది. అమ్మకి సాయం చేద్దామని రెండు రోజులకని వెళ్ళి, ఎనిమిది రోజులు ఉండిపోయాను. కాఫీ పండు మన కోసం చెట్టు మీద ఆగదు. పండినదాన్ని పండినట్టే కోసుకోవాలి. ఆ సంగతి అమ్మకి తెలుసు. నా రికార్డు పని కూడా అలాంటిదేనని నాకే తెలియలేదు.

ఇంకో లెక్క కూడా నేను వేసుకోలేదు. ఎన్.సి.టి.ఇ. వారి 2014 నిబంధనల ప్రకారం ఈ కోర్సులో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. 90 శాతం అంటే బడికి వెళ్ళే పది రోజుల్లో ఒక్క రోజు మాత్రమే మానవచ్చు. ఎనిమిది రోజులు మానితే ఏమవుతుందో మీరే చెప్పండి.

తిరిగి వచ్చాక రాత్రంతా కూచుని సీనియర్ రికార్డు చూసి పదకొండు పాఠ్య పథకాలు ఎక్కించేశాను. మర్నాడు మూడో తరగతికి భాగహారం చెప్పాలి. పథకంలో "12 చింతగింజలను ముగ్గురికి సమానంగా పంచుట" అని ఉంది. నా దగ్గర ఒక్క చింతగింజ కూడా లేదు! రాసింది నా చెయ్యే గాని, ఆలోచన నాది కాదు. బోర్డు మీద గింజలు గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. పావుగంట అలాగే పోయింది. 30 మంది పిల్లలు నా మొహం చూస్తూ కూచున్నారు. ముందు వరసలో ఒక పాప మెల్లగా అడిగింది: "సార్, ఈ రోజు పాఠం లేదా?"

వెనక కూచున్న మా లెక్చరర్ గారు నన్ను తిట్టలేదు. పిల్లలు వెళ్ళాక బోర్డు మీద ఈ లెక్క వేశారు:

15 నిమిషాలు × 30 మంది = 450 నిమిషాలు = ఏడున్నర గంటలు.

"నువ్వు పోగొట్టింది పావుగంట అనుకుంటున్నావు. ఒక పిల్ల రోజంతా బడిలో కూచునే సమయం కంటే ఎక్కువ పోగొట్టావు" అన్నారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

టీచరు కాలం ఎవరిది?

2009 విద్యా హక్కు చట్టం 1 నుండి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలంటుంది. 6 నుండి 8 తరగతులకు 220 రోజులు, 1000 గంటలు. టీచరు వారానికి కనీసం 45 గంటలు పని చేయాలి. అందులో పాఠం తయారు చేసుకునే సమయం కూడా కలిసే ఉంది. అంటే తయారీ కూడా పనే అని చట్టమే చెప్పింది.

మన కొండ ఊళ్ళలో ఒక్క టీచరే ఉన్న బళ్ళు ఉన్నాయి. అలాంటి బడికి ఆ ఒక్కరూ రాకపోతే ఆ రోజు బడే లేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో మేము అరుగు మీద కూచుని రోడ్డు వైపు చూస్తూ ఎన్ని పూటలు గడిపామో నాకు గుర్తుంది. రేపు నేను ఆ టీచర్ని కాకూడదు. అందుకే ఇప్పుడే నేర్చుకోవాలి.

సూక్ష్మ బోధన నేర్పిన సూత్రం

మా ట్రైనింగులో సూక్ష్మ బోధన అని ఒకటి ఉంది. ఒక్క నైపుణ్యాన్ని తీసుకుని కొద్దిమందికి చిన్న పాఠం చెప్పడం. ఎన్.సి.ఇ.ఆర్.టి. నమూనాలో దాని కాలం ఇలా ఉంటుంది:

బోధన – 6 నిమిషాలు
సమీక్ష – 6 నిమిషాలు
తిరిగి పథకం వేసుకొనుట – 12 నిమిషాలు
తిరిగి బోధన – 6 నిమిషాలు
తిరిగి సమీక్ష – 6 నిమిషాలు
మొత్తం – 36 నిమిషాలు

ఒక సంగతి గమనించండి. చెప్పడానికి 6 నిమిషాలైతే, సరిదిద్దుకుని సిద్ధం కావడానికి 12. అంటే రెట్టింపు! నేను ఇప్పుడు ప్రతి పనికీ ఇదే పాటిస్తున్నాను.

నేను ఆచరిస్తున్న పద్ధతులు

1. కాలానికి ఖాతా: మూడు రోజులు ప్రతి గంటా ఏం చేశానో రాశాను. రోజుకి నిద్ర 7, కాలేజీ 7, స్నానం, భోజనం, బట్టలు 3, చదువు ఒకటిన్నర, సెల్‌ఫోన్ రెండున్నర. మొత్తం 21 గంటలు. మిగతా 3 గంటలు ఏమయ్యాయో ఎంత ఆలోచించినా తెలియలేదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు!

2. మొదలుపెట్టే తేదీ: అందరం ఆఖరి తేదీ రాసుకుంటాం. నేను మొదలుపెట్టే తేదీ రాసుకుంటాను. 40 పాఠ్య పథకాలు ఉంటే రోజుకి 2 చొప్పున 20 రోజులు. ఆఖరి తేదీ నుండి వెనక్కి లెక్కపెట్టాలి.

3. ఒక పూట ఖాళీ: మన ఏజెన్సీలో వాన పడితే బస్సు రాదు, గాలి వస్తే కరెంటు పోతుంది. అందుకని వారంలో ఒక పూట ఏ పనీ పెట్టుకోను. ఆగిపోయిన పని ఆ పూట పూర్తి చేస్తాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు.

4. ఇంటి పని: పండగకి, కోతకి వెళ్ళవద్దని నేను చెప్పను. అమ్మ ఒక్కత్తే ఎంతని కోస్తుంది? కాని ముందే క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి, తిరిగి వచ్చే రోజు ఇంట్లో చెప్పి వెళ్ళాలి. ఈసారి రెండు ఆదివారాలు, ఒక రెండో శనివారం చూసుకుని వెళ్ళాను. వచ్చేటప్పుడు సంచిలో చింతగింజలు తెచ్చుకున్నాను.

అభ్యాసం

1. రేపటి నుండి మూడు రోజులు మీ కాలం ఖాతా నోటు పుస్తకంలో రాయండి.
2. మీ తరగతిలో ఎంతమంది ఉన్నారు? టీచరు 5 నిమిషాలు ఆలస్యమైతే మొత్తం ఎన్ని నిమిషాలు నష్టం? లెక్క వేయండి.
3. మీరు "తర్వాత చేద్దాం" అని ఆపిన ఒక పనికి మొదలుపెట్టే తేదీ రాయండి.

వార్డెన్ గారికి ఒక మనవి: ఆదివారం ఒక్క స్టడీ అవర్‌కి గంట కొట్టకుండా వదిలి చూడండి సార్. మొదటి వారం అల్లరి అవుతుంది. రెండో వారం కూడా అవుతుందేమో. కాని గంట లేకుండా కూచోవడం ఇక్కడే అలవాటైతే, బయటికి వెళ్ళాక నాలాగా దెబ్బ తినరు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి