చిప్పుకు చెప్పే ఆజ్ఞ: దాని వ్యాకరణం

మిరపతోటకు నీరు పెట్టే ముందు రైతు ఏం చేస్తాడో మీరు చూసే ఉంటారు. మొక్క మొదట్లో మట్టి తీసి పిడికిట్లో నొక్కుతాడు. ఉండ కడితే తడి ఉన్నట్టు, పొడిగా రాలిపోతే నీరు కావాలన్నట్టు. ఈ పరీక్షను ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక కూడా చేయగలదు. మట్టిలో రెండు లోహపు కడ్డీలు గుచ్చితే, తడి మట్టిలో విద్యుత్తు తేలికగా, పొడి మట్టిలో కష్టంగా పారుతుంది. పలక ఆ తేడాను 0 నుంచి 1023 వరకు ఉండే ఒక అంకెగా మార్చి చెబుతుంది.

ఇందుకు బడుల్లో ఎక్కువగా వాడేది ఆర్డుయినో ఊనో అనే పలక. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం పుట్టింది. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఏర్పడిన అటల్ టింకరింగ్ ల్యాబుల వల్ల మన రాష్ట్రంలోని చాలా పాఠశాలల పిల్లలకు ఇలాంటి పలకలు పరిచయమయ్యాయి.

ఒక చిప్పు, మూడు జ్ఞాపకాలు

ఊనో పలక మీది ముఖ్యమైన చిప్పు పేరు ఎట్‌మెగా 328పి. దానిలో మూడు రకాల జ్ఞాపకాలు ఉన్నాయి. మొదటిది ఫ్లాష్, 32 కిలోబైట్లు. చిప్పు నడవవలసిన తీరు, అంటే ఫర్మ్‌వేర్, ఇందులో ఉంటుంది. రెండోది ర్యామ్, 2 కిలోబైట్లు. కరెంటు పోతే ఇందులోవి చెరిగిపోతాయి. మూడోది ఈప్రామ్, 1 కిలోబైటు, అంటే 1024 బైట్లు. కరెంటు పోయినా ఇందులోని అంకెలు నిలిచి ఉంటాయి.

ఒక లెక్క చేద్దాం. తేమ కొలత ఒక్కొక్కటి దాచడానికి 2 బైట్లు కావాలి. కనుక ఈప్రామ్‌లో 512 కొలతలు పడతాయి. రోజుకు మూడు కొలతలు తీస్తే 170 రోజులకు సరిపోతుంది. అంటే మిరప పంటకాలంలో చాలా భాగం ఆ చిన్న చిప్పులో ఇముడుతుంది! మన నల్లరేగడిలో ఏ అంకె దగ్గర మొక్క వాడుతుందో తెలియాలంటే ఈ కొలతలే ఆధారం. అవి పోతే మళ్లీ వచ్చే ఏడు దాకా ఆగవలసిందే.

ఇప్పుడు కార్యక్రమంలో ఒక చిన్న సవరణ చేసి కొత్త ఫర్మ్‌వేర్‌ను చిప్పులోకి ఎక్కించాలనుకోండి. ఫ్లాష్‌లో కొత్తది రాయాలంటే ముందు పాతది చెరపాలి. చిప్పు మొత్తాన్ని చెరిపే ఆజ్ఞ ఇస్తే, కాపాడమని ముందుగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, ఈప్రామ్ కూడా చెరిగిపోతుంది. 170 రోజుల శ్రమ క్షణంలో మాయం! కాబట్టి ఆజ్ఞను ఎలా కూర్చాలి అన్నది కేవలం కంప్యూటరు వాళ్ల ముచ్చట కాదు.

మన విభక్తులే దారి చూపుతాయి

ఫర్మ్‌వేర్ ఎక్కించే పనిముట్టు ఒకటి మనమే తయారుచేస్తున్నామని ఊహించుకుందాం. తాటాకు మీద రాసే గంటాన్ని తలచుకుని దానికి ‘గంటం’ అని పేరు పెడదాం. కీబోర్డు మీద ఒక వరుస టైపు చేసి దానికి పని చెప్పాలి. మొదటి ప్రయత్నం ఇది:

గంటం ఈప్రామ్ పొలం.డేటా

దీని అర్థం ఏమిటి? ఈప్రామ్‌లో ఉన్నది ఫైలులోకి తీయాలా, ఫైలులో ఉన్నది ఈప్రామ్‌లోకి రాయాలా? ఏది ముందు, ఏది వెనక అన్న నియమం గుర్తున్నవాడికే తెలుస్తుంది. మరచినవాడు నిన్నటి ఫైలుతో నేటి కొలతలను తుడిచేస్తాడు.

మన భాషలో ఈ చిక్కు అంతగా లేదు. ‘పిల్లి ఎలుకను పట్టింది’ అన్నా, ‘ఎలుకను పిల్లి పట్టింది’ అన్నా పట్టింది పిల్లే. ఎందుకు? ‘ను’ అనే విభక్తి ఎలుకను అంటిపెట్టుకుని ఉంది కాబట్టి. మాటల వరుస మారినా అర్థం చెడదు. ఆజ్ఞకు కూడా విభక్తులు తగిలిద్దాం:

గంటం చదువు --చిప్పు 328పి --నుంచి ఈప్రామ్ --కు పొలం.డేటా

రెండు అడ్డగీతలతో మొదలయ్యే మాటలను ఆప్షన్లు అంటారు. తెలుగులో విభక్తి పదం వెనక వస్తే ఇక్కడ ముందు వస్తోంది. తేడా అంతే. ఇప్పుడు ‘--కు’ ముందు రాసినా ‘--నుంచి’ ముందు రాసినా పని ఒక్కటే.

‘చదువు’ అన్న తర్వాత దిశ మళ్లీ చెప్పడం దండగ కదా అని మీరు అడగవచ్చు. బ్యాంకు చెక్కు మీద సొమ్మును అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఎందుకు రాస్తారు? ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుందని. ‘చదువు’ అని చెప్పి దిశ తిరగేసి రాస్తే గంటం పని మొదలుపెట్టక ముందే ఆగి ‘ఇవి రెండూ పొసగడం లేదు’ అనాలి.

పెద్ద పి, చిన్న పి

నిజమైన పనిముట్లు ఎలా ఉన్నాయో చూద్దాం. ఊనోకు కార్యక్రమం ఎక్కించడానికి మీరు మీట నొక్కినప్పుడు తెర వెనక ఎవిఆర్‌డ్యూడ్ అనే పనిముట్టు నడుస్తుంది. దీన్ని మొదట రాసినవారు బ్రయాన్ డీన్. దీనిలో చిన్న పి అంటే చిప్పు రకం, పెద్ద పి అంటే కంప్యూటరు పోర్టు. చిన్న వి అంటే వివరంగా చెప్పు, పెద్ద వి అంటే సరిచూడవద్దు! వివరాలు అడగబోయి షిఫ్టు మీట మీద వేలు పడితే తనిఖీయే ఆగిపోతుంది.

ఇంత పొదుపు ఎందుకు వచ్చింది? 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టిన కాలంలో టెలిటైపు యంత్రాలు సెకనుకు 10 అక్షరాల వంతున అచ్చు కొట్టేవి. ఒక్కో అక్షరానికి విలువ ఉండేది కనుక ఆజ్ఞలు పొట్టివయ్యాయి. పూర్తి మాటను రెండు అడ్డగీతలతో రాసే పద్ధతిని తర్వాత గ్నూ పనిముట్లు ప్రచారంలోకి తెచ్చాయి.

ఎవిఆర్‌డ్యూడ్‌లో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. రాయడం అయ్యాక చిప్పును తిరిగి చదివి, ఫైలుతో పోల్చి చూస్తుంది. మనం అడగనక్కరలేదు. వద్దంటేనే మానుతుంది. మంచి పని అడగకుండా జరగాలి, దాన్ని మానడానికే ఆజ్ఞ కావాలి. ఇది మంచి నియమం.

విత్తనపు సంచి, చిప్పు సంతకం

గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన మిరప రకాలకు ఎల్‌సిఎ 334, ఎల్‌సిఎ 353 వంటి పేర్లు ఉన్నాయి. సంచి మీద అంకె మారితే రకమే మారుతుంది. గింజ చూసి పోల్చుకోలేం. తప్పు విత్తనం సంగతి కాపు వచ్చాక గాని బయటపడదు.

చిప్పు విషయంలో మనం అంత కాలం ఆగనక్కరలేదు. ప్రతి ఎవిఆర్ చిప్పు తనలో మూడు అంకెల సంతకం దాచుకుంటుంది. ఎట్‌మెగా 328పి సంతకం 30, 149, 15. దాని అన్న వంటి ఎట్‌మెగా 328 సంతకం 30, 149, 20. చివరి అంకె ఒక్కటే తేడా. మనం చెప్పిన పేరుకూ చిప్పు చెప్పిన సంతకానికీ పొత్తు కుదరకపోతే ఎవిఆర్‌డ్యూడ్ ఆగిపోతుంది. మన గంటం కూడా అలాగే ఆగాలి. ‘తప్పు’ అని ఊరుకోకుండా ‘మీరు 328పి అన్నారు, చిప్పు 328 అంటోంది’ అని చెప్పాలి. కారణం చెప్పని తిట్టు వల్ల ఎవరికీ ఏమీ రాదు.

గంటం పాటించవలసిన నియమాలు

1. చేయవలసిన పని మొదటి మాటగా రావాలి: చదువు, రాయి, సరిచూడు, చెరుపు.
2. తరచుగా చేసే, ప్రమాదం లేని పనులకే పొట్టి గుర్తులు. తిరిగి రాని నష్టం చేసేవాటికి పొడుగు మాటలు. ‘--ఈప్రామ్-కూడా-చెరుపు’ అన్న మాట ఎవరి వేలూ జారి టైపు కాదు.
3. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే దాని మీద రాయకూడదు.
4. ఏమీ మార్చకుండా, ఏం చేయబోతోందో మాత్రం చెప్పే ‘--ఉత్తుత్తి’ ఆప్షన్ ఉండాలి.
5. పని సక్రమంగా ముగిస్తే 0, లేకపోతే మరో అంకె తిరిగి ఇవ్వాలి. నలభై పలకలకు వరుసగా ఎక్కించే మరో కార్యక్రమం ఈ అంకె చూసే ముందుకు సాగాలో ఆగాలో తేల్చుకుంటుంది.

రెండో నియమానికి ఒక ఉదాహరణ. ఈ చిప్పుల్లో ఫ్యూజులు అనే అమరికలు కొన్ని ఉంటాయి. రీసెట్ కాలును మామూలు కాలుగా మార్చే ఫ్యూజు పెడితే, ఆ తర్వాత సాధారణ ప్రోగ్రామరు ఆ చిప్పును తిరిగి రాయలేదు. 12 వోల్టులతో పనిచేసే ప్రత్యేక పరికరం కావాలి. బడిలో ఉన్న ఒక్క పలకా అలా మూగపోతే తరగతి మొత్తం చేతులు ముడుచుకు కూర్చోవాలి. అలాంటి ఆజ్ఞను ఒక్క అక్షరానికి కట్టబెట్టడం న్యాయమా?

చేసి చూడండి

ఇద్దరు స్నేహితులు ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు ఆజ్ఞ రాసేవారు, మరొకరు గంటం. గంటం పాత్ర వేసినవారు కాగితం మీద ఉన్నది తప్ప ఏదీ ఊహించకూడదు. కింది పనులకు ఆజ్ఞలు రాయండి.

అ) ఈప్రామ్‌లోని కొలతలను ఫైలులోకి తీయడం.
ఆ) మిరప.హెక్స్ అనే ఫర్మ్‌వేర్‌ను ఫ్లాష్‌లోకి రాయడం.
ఇ) ఈప్రామ్‌లోని కొలతలు ఆ ఫైలుతో ఇంకా సరిపోతున్నాయో లేదో చూడడం.

తర్వాత ప్రతి ఆజ్ఞలోనూ ఒక్క అక్షరం మార్చండి, లేదా ఒక మాట తీసేయండి. గంటం ఆగి అడిగిందా? అయితే మీ వ్యాకరణం గట్టిది. మారు మాట్లాడక మరో పని చేసిందా? అక్కడ నియమాన్ని సవరించండి. ఈ మూడు పనుల్లో ఏది ముందు చేయాలో మాత్రం ఇక మీకు చెప్పనక్కరలేదు.