చెట్టు, పైరు కలిసిన చేలో పరిశోధన కొలువులు

ఒకే కమతంలో చెట్లు, పంటలు, వీలుంటే పశువులను కూడా కలిపి పెంచే సాగు పద్ధతే అగ్రోఫారెస్ట్రీ. తమిళనాడులోని ధర్మపురి జిల్లా పెరియంపట్టి వంటి మెట్ట ప్రాంతాల చిన్న రైతులకు ఇది బాగా నప్పుతుంది. వానలు ముఖం చాటేసి రాగి, ఉలవ దెబ్బతిన్నా మామిడి, చింత ఎంతో కొంత ఆదుకుంటాయి. 2014లో భారత్ జాతీయ అగ్రోఫారెస్ట్రీ విధానాన్ని ప్రకటించింది.

పని తీరు

చెట్ల నీడ, వేళ్ల పోటీ వల్ల పైరు దిగుబడి ఎంత తగ్గుతుంది, రాలిన ఆకు నేలకు ఎంత సత్తువ ఇస్తుంది, వరుసల మధ్య ఎంత ఎడం ఉండాలి అన్నవి ఇక్కడి ప్రధాన ప్రశ్నలు. పరిశోధకులు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత తీసుకుంటారు, మట్టి నమూనాలు పరీక్షిస్తారు, దిగుబడి తూకం వేస్తారు. కలప చేతికొచ్చే దాకా ఏళ్ల తరబడి ఆగే స్తోమత చిన్న రైతుకు ఉండదు. కాబట్టి పంట, పండ్లు, పశుగ్రాసం మీద ఏటా వచ్చే రాబడినీ లెక్కగట్టాలి. అందుకే ఆర్థిక, సామాజిక శాస్త్రాలు చదివినవారికీ ఈ రంగంలో చోటుంది.

చదువు

ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ ఫారెస్ట్రీ లేదా అగ్రికల్చర్ చదవవచ్చు. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల 2016లో మొదలైంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి మెట్టుపాళయంలో అటవీ కళాశాల ఉంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీల్లో అగ్రోఫారెస్ట్రీని ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు. గణాంకశాస్త్రం, భౌగోళిక సమాచార వ్యవస్థ (జీఐఎస్) నేర్చుకోవడం తప్పనిసరి. ధర్మపురి ప్రాంతంలో పనిచేయాలంటే తమిళం రావాలి. తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నందున రెండు భాషలూ వచ్చినవారికి సర్వే పని సులువవుతుంది.

అవకాశాలు

1988లో ఝాన్సీలో ఏర్పడిన కేంద్ర అగ్రోఫారెస్ట్రీ పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా), కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర సంస్థ ఈ రంగంలో ముఖ్యమైనవి. భారత వ్యవసాయ పరిశోధన మండలిలో శాశ్వత శాస్త్రవేత్త కొలువుకు వ్యవసాయ పరిశోధన సేవ (ఏఆర్‌ఎస్) పరీక్ష రాయాలి. ప్రాజెక్టుల్లో ఫీల్డ్ అసిస్టెంట్, రీసెర్చ్ ఫెలో పోస్టులు సాధారణంగా తాత్కాలికమే అయినా తొలి అనుభవానికి పనికొస్తాయి. కాగితం మిల్లుల నర్సరీలు, స్వచ్ఛంద సంస్థలు కూడా ఫారెస్ట్రీ పట్టభద్రులకు పని కల్పిస్తాయి. అంతర్జాతీయ స్థాయిలో, 1978లో మొదలైన, నైరోబీలోని ప్రపంచ అగ్రోఫారెస్ట్రీ కేంద్రం (ఇక్రాఫ్) 2019లో అంతర్జాతీయ అటవీ పరిశోధన కేంద్రం (సైఫర్)తో కలిసింది. ఆ ఉమ్మడి సంస్థ భారత్‌లోనూ పనిచేస్తోంది.