ఏటి ఇసుకే రేపటి రాయి



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఎటు చూసినా రాళ్లే. పెనుకొండ కోట కొండ, లేపాక్షి నంది, రెండూ గ్రానైటే. ఇది భూగర్భంలోని శిలాద్రవం చల్లారి గట్టిపడిన అగ్నిశిల. మరి మనం పాఠంలో చదివే అవక్షేప శిలలు ఎక్కడున్నాయి? అవి మన కొండల్లో లేకపోయినా, వాటికి కావలసిన ముడిసరుకు మన కొండల నుండే పోతోంది.

ఎలా ఏర్పడతాయి?

ఎండకు, వానకు కొండరాయి పగిలి పొడి అవుతుంది. దీన్ని శైథిల్యం అంటాం. ఆ పొడిని పెన్న, చిత్రావతి వంటి నదులు మోసుకుపోతాయి. ప్రవాహ వేగం తగ్గేకొద్దీ మొదట గులకరాళ్లు, తర్వాత ఇసుక, చివరకు ఒండ్రు అడుగుకు చేరతాయి. ఇది నిక్షేపణ. పొర మీద పొర పేరుకొని, అడుగు పొరలు బరువుకు అణగుతాయి. నీటిలో కరిగి ఉన్న సున్నం, సిలికా, ఇనుము ఆ రేణువులను సిమెంటులా అతికిస్తాయి. లక్షల ఏళ్లకు అది రాయి అవుతుంది.

ముఖ్య రకాలు

1. శకల శిలలు: రాతి ముక్కలు, రేణువులు అతుక్కొని ఏర్పడేవి. ఇసుక నుండి ఇసుకరాయి, బంకమట్టి నుండి షేల్, గులకరాళ్ల నుండి కాంగ్లోమరేట్.

2. రసాయనిక శిలలు: నీటిలో కరిగిన లవణాలు అడుగున పేరుకొని ఏర్పడేవి. జిప్సం, రాతి ఉప్పు, కొన్ని రకాల సున్నపురాయి.

3. సేంద్రియ శిలలు: జీవుల అవశేషాల నుండి ఏర్పడేవి. సుద్ద, సింగరేణి బొగ్గు.

మనకు దగ్గరలో

తాడిపత్రి వైపు వెళితే కడప హరివాణం వస్తుంది. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగు పొరల వయసు 100 కోట్ల ఏళ్లకు పైమాటే. మన ఇళ్లలో పరిచే నాపబండలు అక్కడి సున్నపురాయే. పొరలుగా ఏర్పడింది కాబట్టే బండలుగా విడివడుతుంది. బెలుం గుహలు నీరు సున్నపురాయిని కరిగించగా ఏర్పడ్డాయి. వాటి పొడవు 3,229 మీటర్లు. ప్రయోగశాలలో బండముక్క మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. గ్రానైట్ మీద పొంగదు.

మనకెందుకు?

గ్రానైట్‌లో నీరు పగుళ్లలోనే దొరుకుతుంది. అందుకే పక్కపక్కన వేసిన రెండు బోర్లలో ఒకదానికి నీళ్లు పడితే, ఇంకొకటి దుమ్ము లేపుతుంది. బోర్లు వేసి అప్పులపాలైన ఇళ్ల నుండే మనలో చాలామంది ఈ హాస్టల్‌కు వచ్చాం. ఏటి ఇసుక అలా కాదు. రేణువుల మధ్య ఖాళీలలో వాననీటిని దాచుకొని, పక్క బావులకు ఊట ఇస్తుంది. ఇసుకను లోతుగా తోడేస్తే ఆ ఊట కూడా పోతుంది.

కాబట్టి ఈ ప్రశ్న పరీక్షలో వస్తే నిర్వచనంతో ఆపకుండా మన ఊరి ఏటిని ఉదాహరణగా రాద్దాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇసుక విలువ మన పెద్దలకూ చెబుదాం.