అమ్మ ఎద వెచ్చదనం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. అలాంటి బిడ్డను అమ్మ ఎదకు ఆనించి గుడ్డతో కట్టుకుంటారు. కంగారూ అనే జంతువు పిల్లను పొట్టసంచిలో దాచుకుంటుంది. అందుకే దీనికి కంగారూ సంరక్షణ అని పేరు.

మరి బిడ్డను పుట్టగానే ఎదకు చేర్చాలా? తేరుకున్నాక చేర్చాలా? ఒక్క ఆసుపత్రిలో కొందరు బిడ్డలను చూస్తే ఇది తేలదు. అందుకే 2017లో ఐదు దేశాల ఆసుపత్రులు కలిసి పరిశోధన మొదలుపెట్టాయి. నాలుగు ఆఫ్రికా దేశాలవి. ఐదోది మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నింటినీ ఒక్కతాటిపై నడిపింది. బిడ్డల వార్డులోనే తల్లులకూ మంచాలు వేశారు. అన్నిచోట్లా ఒకే పద్ధతి, ఒకే లెక్క.

మొత్తం 3,211 మంది బిడ్డలను చూశారు. తేరుకున్నాక ఎదకు చేర్చినవాళ్లలో నూటికి సుమారు 16 మంది నెలలోపే చనిపోయారు. వెంటనే చేర్చినవాళ్లలో నూటికి 12 మంది. మేలు తేటతెల్లం కావడంతో 2020లో పరిశోధన ముందే ఆపేశారు. వెంటనే ఎదకు చేర్చండని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ చెప్పింది.

ఇలాంటి పరిశోధనకు తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. జమ్మలమడుగులోనైనా, ఢిల్లీలోనైనా కాగితం ఇస్తే వెంటనే వేలిముద్ర వేయొద్దు. చదవండి. తెలియనిది అడగండి. ఇష్టమైతేనే సంతకం చేయండి. వద్దన్నా బిడ్డకు వైద్యం ఆపకూడదు.

ఆలోచించండి: మీ ఊర్లో తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఎలా చూసుకుంటున్నారు?