ఈత వచ్చినంత మాత్రాన...

చిరంజీవి కిరణ్‌కి,

గ్లాస్గోలో ఎండలు మొదలయ్యాయనీ, శనివారం స్నేహితులతో లాక్ లోమండ్ సరస్సుకి ఈతకు వెళ్తున్నామనీ రాశావు. వెళ్లండి. కానీ గట్టు మీంచి మాత్రం దూకకురా.

నీకు ఈత బాగా వచ్చని నాకు తెలుసు. ధవళేశ్వరం కాలువలో చిన్నప్పుడే నేర్చుకున్నావు. అయితే ఎండాకాలంలో మన కాలువ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. ఆ సరస్సు అలా కాదు, దాని లోతు ఒకచోట 190 మీటర్లు. పైనుంచి ఎండ ఎంత కాసినా వేడెక్కేది పైపొర ఒక్కటే, కింద చలికాలపు నీళ్లే. 2021 జూలైలో ఎండలు బాగా కాసిన ఒక వారాంతంలో అక్కడే నలుగురు మునిగి చనిపోయారు, వాళ్లలో చిన్న పిల్లాడూ ఉన్నాడు. 2024 ఏప్రిల్‌లో అదే స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర నీళ్లలో పడి చనిపోయిన ఇద్దరూ నీలాగే మన ఆంధ్ర నుంచి చదువుకోడానికి వెళ్లిన పిల్లలే. ఆ వార్త చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇన్నేళ్లు డాక్టరుగా పనిచేసినదాన్ని, ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను విను. వేడెక్కిన ఒంటికి 15 డిగ్రీల లోపు నీళ్లు ఒక్కసారిగా తగిలితే, మనం వద్దనుకున్నా గుండెల నిండా ఒక పెద్ద ఊపిరి లాగేస్తాం. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉందా, గాలికి బదులు నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ వెంటనే ఎగశ్వాస. చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుని, బీపీ పెరిగి, గుండె దడదడలాడుతుంది. గట్టున నిమిషంసేపు ఊపిరి బిగబట్టగలిగినవాడు అక్కడ పది సెకన్లు కూడా ఆపలేడు. చలికి ఒళ్లు గడ్డకట్టడం చాలాసేపటి తర్వాతి మాట. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఈ మొదటి రెండు మూడు నిమిషాల్లోనే. అది దాటినా, పది పదిహేను నిమిషాలకు చేతులూ కాళ్లూ మాట వినవు. ఎంత గజ ఈతగాడైనా ఇంతే.

అందుకే ఒడ్డునుంచి మెల్లగా దిగు. ముందు కాళ్లు, తర్వాత నడుము, మెడకీ ముఖానికీ నీళ్లు చల్లుకో, ఊపిరి కుదుటపడేదాకా అక్కడే నిలబడు. పొరపాటున పడిపోతే ఈదకు. వెల్లకిలా తిరిగి, చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చి, చేతులు మెల్లగా ఆడిస్తూ తేలు. కాసేపటికి ఊపిరి దారికొస్తుంది, అప్పుడు ఒడ్డుకి రా. బీరు తాగినవాణ్ణి అసలు నీళ్లలోకి దిగనివ్వకు. ఎవరైనా మునుగుతుంటే వెనకాలే దూకకు. తాడో, ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో విసిరి, 999కి ఫోన్ చెయ్యండి.

శనివారం లోగా మీ యూనివర్సిటీ ఈతకొలనులో వెల్లకిలా తేలడం సాధన చెయ్యి. కుదిరిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు. లైఫ్ జాకెట్లకు డబ్బులు కావాలంటే మొహమాటపడకుండా అడుగు, పంపిస్తాను.

మీ పెద్దమ్మ